శ్రీలంక యాత్ర: గైడ్‌బుక్ ముందు, టికెట్ తర్వాత

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడేసరికి తెలుగు పత్రికలన్నింటిలోనూ శ్రీలంక ప్యాకేజీల ప్రకటనలు వరస కడతాయి. దూరం తక్కువ, ఖర్చు భరించగలిగినంత, పైగా సీతమ్మ ఉన్న చోటు చూసివచ్చామన్న తృప్తి కూడా దక్కుతుంది కనుక, మొదటిసారి విదేశానికి బయలుదేరే మధ్యతరగతి కుటుంబాలు ఆ దేశం వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఏ నెలలో ఏ తీరాన వాన పడుతుందో ఆ ప్రకటనల్లో ఎక్కడా ఉండదు. ఉష్ణమండల దేశానికి వెళ్లాలనుకునేవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది అదే.

అంత చిన్న ద్వీపాన్ని రెండు రుతుపవనాలు పంచుకుంటాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు కొలంబో, బెంటోటా, హిక్కడువ, గాలె తీరాన్నీ, వాటి వెనకనున్న కొండల పడమటి వాలునూ తడుపుతాయి. అవే రోజుల్లో తూర్పున ట్రింకోమలి, అరుగం బే పొడిగా ఉంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల ఈ పరిస్థితి తారుమారవుతుంది. నడుమ అక్టోబరు, నవంబరుల్లో దేశమంతటా వానలే. బంగాళాఖాతంలో ఆ నెలల్లో ఏం జరుగుతుందో మన కోస్తావారికి వేరే చెప్పనక్కరలేదు.

ప్యాకేజీ మాత్రం ఏడాది పొడుగునా ఒకటే: క్యాండీ, నువర ఎలియ, బెంటోటా, కొలంబో. మన పిల్లలకు బడి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి కనుక, మే నెలాఖరున బయలుదేరిన కుటుంబం అలలు విరుచుకుపడుతూ ఈతకు దిగవద్దని ఎర్రజెండా పాతిన తీరంలో గదికి డబ్బు కట్టి కూర్చుంటుంది. ఆ రోజుల్లో వెళ్లవలసింది ట్రింకోమలికి. ఎండ మన ఎండలాగే మాడ్చినా సముద్రం నిలకడగా ఉంటుంది, పడవలో కొంత దూరం వెళితే తిమింగలాలు కనిపించే కాలం కూడా అదే. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి పీఠం ఉండేదని చెప్పుకునే కోనేశ్వరం, ఆ ఊళ్లోనే సముద్రం మీదికి పొడుచుకువచ్చిన గుట్టపై ఉంది. సీతమ్మ గుడి పేరు చెప్పి యాత్రికులను పోగుచేసే ఏజెంట్లకు ఈ గుడి ఎందుకు గుర్తుకురాదో నాకు అంతుబట్టదు.

ఈ సంగతులన్నీ మంచి గైడ్‌బుక్‌లో దొరుకుతాయి. కాకపోతే టికెట్టు బుక్ చేశాక పుస్తకం కొనడం మనవాళ్ల అలవాటు. లోన్లీ ప్లానెట్ మేలా, రఫ్ గైడ్స్ మేలా అని తర్జనభర్జన పడేకంటే చేతిలో ఉన్నది ఏ సంవత్సరపు ఎడిషనో చూసుకోవడం ముఖ్యం. అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద ఇవి చవకగా దొరుకుతాయి కానీ, వాటి వయసు పేజీల రంగును బట్టి కాక లోపలి సమాచారాన్ని బట్టి పట్టుకోవాలి. మలేరియా మాత్రలు వేసుకోమంటే అది పాత పుస్తకమే, ఎందుకంటే శ్రీలంకలో మలేరియా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే ధ్రువీకరించింది. ఇప్పుడు జాగ్రత్త పడవలసింది పగటిపూట కుట్టే డెంగీ దోమ గురించి. జాఫ్నాకు రైలు లేదని ఉంటే అది 2014కు ముందు మాట. డాలరుకు రెండు వందల శ్రీలంక రూపాయలని లెక్క కట్టి ఉంటే 2022 ఆర్థిక సంక్షోభానికి ముందు మాట, ఆ ధరలను నమ్ముకుని బడ్జెట్ వేయకూడదు. చరిత్రకు మాత్రం పాత పుస్తకమైనా ఫరవాలేదు. కశ్యపుడనే రాజు సిగిరియా బండ మీద కట్టిన కోట ఐదో శతాబ్దం నుంచీ అక్కడే ఉంది.

మరొక సంగతి, ఈ పుస్తకాలు చాలావరకు చలిని తప్పించుకుని వచ్చే యూరప్ వారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందుకే వాటిలో డిసెంబరు నుంచి మార్చి దాకానే అసలైన సీజనుగా కనిపిస్తుంది, సూచించే మార్గాలు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. మనకు కావలసిన వివరాలు ఏ మూలనో ఒక పంక్తిలో ఉంటాయి, లేదా అసలే ఉండవు. పురావస్తు స్థలాల్లో మనతో సహా సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవారికి టికెట్టుపై రాయితీ ఇస్తారు, దానికి పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. శాకాహారులైతే, చూడడానికి మన కొబ్బరి పచ్చడిలా ఉండే పోల్ సంబోల్‌లో ‘ఉంబలకడ’ అనే ఎండుచేపల పొడి కలుపుతారని తెలుసుకుని, ముందే అడిగి తినాలి. వీసా నిబంధనలు మాత్రం ఏ పుస్తకంలోనూ చూడవద్దు. అవి తరచు మారుతుంటాయి కనుక ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోవాలి.

పటం చూసి దూరాలు అంచనా వేసుకోవడం కూడా ప్రమాదమే. కొలంబో నుంచి క్యాండీ సుమారు 115 కిలోమీటర్లే అయినా రోడ్డు మీద మూడు గంటలకు పైగా పడుతుంది. క్యాండీ నుంచి ఎల్లాకు కొండల్లో వెళ్లే రైలుకు దాదాపు పగలంతా పోతుంది, వానలకు కొండచరియలు విరిగిపడితే అది ఆగిపోతుంది కూడా. ఐదు రోజుల్లో ఐదు ఊళ్లు చూపిస్తామంటే వ్యాను కిటికీలోంచి చూపిస్తామని అర్థం. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి రెండు ఊళ్లు చాలు. తేదీలు ఖాయం చేసుకునేముందు పంచాంగం కూడా చూడాలి. అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవుదినమే, పైగా వేసవి సెలవుల్లో వచ్చే వైశాఖ పౌర్ణమి అక్కడి బౌద్ధులకు అతి పెద్ద పండుగ. వీధివీధినా కాగితపు లాంతర్లు, దారినపోయేవారందరికీ ఉచిత భోజనాలు చూడవలసినవే కానీ, ముందుగా బుక్ చేసుకోకపోతే గది దొరకదు.

చివరగా మీకొక విన్నపం. మీ ఆదివారం అనుబంధంలో యాత్రా వ్యాసం వేసినప్పుడు, రచయిత ఆ ఊరికి ఏ నెలలో వెళ్లారో కింద ఒక పంక్తిలో అచ్చువేయించండి. జనవరిలో బెంటోటా చూసి రాసిన వ్యాసం మే నెలలో వెలువడితే, దాన్ని చదివి మురిసిపోయిన పాఠకుడు జూన్‌కు టికెట్టు తీసుకుంటాడు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం