మా పడవను ఒడ్డుకు చేర్చిన తండేలు (పడవ నడిపించే పెద్ద) మావయ్యకు, ఆయన కళాసీలకు (పడవ మీద పనిచేసేవాళ్ళకు)

ఒడిశా గంజాం తీరంలో గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య నది మొగ దాకా ఉన్న మన తెలుగు పల్లెల వాళ్ళందరూ చదవాలని ఇది రాస్తున్నాను. పడవ మీదో, పనిలోనో నలుగురిని నడిపించే బాధ్యత ఉన్నవాళ్ళు మరీ చదవాలి. ఆ తండేలు తన పేరు రాయొద్దన్నాడు. ఆ మాట దాటను. ఆయనెవరో వాళ్ళ ఊరికి తెలుసు, మాకు తెలుసు, అది చాలు.

జూన్ 14తో వేట నిషేధం అయిపోయింది. ఆ తర్వాత ఆషాఢంలో నడిసముద్రంలో మా పడవ ఇంజిన్ ఫ్యాను (నీళ్ళలో తిరిగి పడవను తోసే రెక్కలు) విరిగిపోయింది. నైరుతి గాలి జోరుగా ఉంది. లంగరు వేద్దామంటే తాడు నేలకు అందలేదు, అక్కడ అంత లోతు. గాలీ నీరూ కలిసి మమ్మల్ని చిలక సరస్సు వైపుకు తోసుకుపోతున్నాయి. ఫోన్లకు సిగ్నల్ లేదు. సాయంత్రానికి గోపాల్‌పూర్ లైట్‌హౌస్ వెలుగైనా కనబడుతుందేమోనని చూశాం, కనబడలేదు. తెడ్డుకు చొక్కా కట్టి ఊపుతుంటే ఒక పడవ మమ్మల్ని చూసి మళ్ళింది.

వాళ్ళ వల అప్పుడే నీళ్ళలో పడింది. మాకోసం ఎత్తేస్తే ఆ రోజు వేట పోయినట్టే. పడవ మా పక్కకొచ్చాక ఆ తండేలు తన కళాసీలతో మాట్లాడిన మాటలు మా చెవుల్తో విన్నాం. "ఇదీ సంగతి. వల ఎత్తేస్తే ఈ పూట మనకేటీ మిగల్దు. వీళ్ళని లాక్కెళ్తే డీజిల్ రెండింతలు కాలుద్ది. ఇబ్బందున్నోళ్ళు ఇప్పుడే చెప్పండి." పడవ మీద తండేలు మాటే మాట. ఆయన ఎవరినీ అడగక్కర్లేదు, అయినా అడిగాడు. నడివయసు కళాసీ ఒకడు, "నాకు ఇబ్బందే మావయ్యా, పాప ఫీజు కట్టాలి. కానీ ఎల్దాం, పద" అన్నాడు. "నీ సంగతి ఒడ్డుకెళ్ళాక నేను చూస్తాను" అన్నాడు తండేలు. తర్వాత తన వాటాలోంచి తీసిచ్చాడు కూడా. ఈ విషయం ఆ కళాసీయే మా నాన్నకు చెప్పాడు.

రాత్రి జరిగింది ఇంకొకటి నా కళ్ళముందే ఉంది. మా పడవ ముక్కుకు కట్టిన తాడు ఒకసారి జారిపోయింది. కట్టింది వాళ్ళలో అందరికన్నా చిన్నవాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. చీకట్లో అలల మధ్య మళ్ళీ దగ్గరికి రావడమంటే రెండు పడవలూ గుద్దుకునే ప్రమాదం. ఇలాంటప్పుడు పడవల మీద బూతులు ఎలా లేస్తాయో వేటకెళ్ళినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తండేలు గొంతు పెంచలేదు. వాణ్ణి దగ్గరికి పిలిచాడు, టార్చి పట్టుకున్నాడు, ముడి ఎక్కడ వదులైందో చూపించాడు. మళ్ళీ వాడి చేతే కట్టించాడు. కట్టాక లాగి చూసి, "ఇంక తెల్లారేదాకా ఈ తాడు కాపలా నీదే" అన్నాడు. ఆ కుర్రాడు రాత్రంతా తాడు మీద చెయ్యి తియ్యలేదు. అది మళ్ళీ జారలేదు.

తెల్లవారుజామున ఒడ్డు దగ్గరికొచ్చాం. దీపాలు కనబడుతున్నాయి, ఇళ్ళకు వెళ్ళిపోవాలని అందరి ప్రాణమూ కొట్టుకుంటోంది. మా గంజాం తీరంలో రేవులు తక్కువ, అలల మీదుగానే ఇసుకలోకి దూరాలి. తాడున్న పడవను అలల్లోకి లాక్కెళ్తే అది పక్కకు తిరిగి బోల్తా పడుతుంది. ఆయన ఇంజిన్ ఆపేశాడు. "అలలు నాకు కనబళ్ళేదు. కనబడ్డట్టు నటించి మిమ్మల్ని ముంచలేను. ఎలుగొచ్చేదాకా ఇక్కడే లంగరు" అని రెండు పడవలకూ వినబడేట్టు చెప్పేశాడు. అంత అనుభవం ఉన్నవాడు 'నాకు తెలీట్లేదు' అంటే మాకు భయం పెరగాలి కదా. పెరగలేదు. అప్పటిదాకా గట్టిగా ఏడుస్తున్న మా తమ్ముడు కూడా ఊరుకున్నాడు. వెలుగొచ్చాక ఒడ్డు నుంచి జనం ఈదుకుంటూ వచ్చి తాళ్ళందుకున్నారు. ఎవరికీ గీత కూడా పడలేదు.

ఆయన కళాసీలు ఆయన్ని అంతగా ఎందుకు నమ్ముతారో వాళ్ళనే అడిగాను. వాళ్ళు చెప్పిన మొదటి మాట వాటా లెక్క. చేప అమ్మగానే డీజిలెంత, ఐసెంత, పడవ వాటా ఎంత, మనిషికెంత అని ఇసుకలో అందర్నీ కూర్చోబెట్టి పైకి చదువుతాడట. నేను బయట రాష్ట్రంలో ఒక బోటు మీద పనిచేశాను. అక్కడ సీజను అయ్యాక చేతిలో ఎంత పెడితే అంతే, లెక్క అడిగినవాడికి మరుసటేడు పని ఉండదు. కాబట్టి ఆ ఇసుకలో లెక్క విలువ నాకు తెలుసు.

రెండో మాట ఫైలిన్ తుఫాను. 2013 అక్టోబర్ 12న అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని పడవలు, వలలు పోయాయో మనందరికీ గుర్తే. అప్పుడాయన కళాసీలతో, "పడవ బాగయ్యేదాకా మీకు అడ్వాన్సు ఇవ్వలేను, ఆశ పెట్టను. ఎక్కడ పని దొరికితే అక్కడికెళ్ళండి. రావాలనిపిస్తే రండి" అన్నాడట. చెన్నైకి కొందరు, కేరళకు కొందరు పోయారు. పడవ నీళ్ళలో పడిందని తెలిశాక ఒక్కొక్కరే తిరిగొచ్చి చేరారు.

మా నాన్న డబ్బు ఇవ్వబోతే, కాలిన డీజిల్ ఖరీదు మాత్రం తీసుకున్నాడు. "డీజిల్ ఓనరుది, నేను లెక్క చెప్పాలి. మిగతాది సముద్రం మీద మనకీ మనకీ ఉండేది" అన్నాడు. ఆ లెక్క కూడా కళాసీలందరూ వింటుండగానే చెప్పాడు.

ఆ రాత్రి మా కోసం ఒడ్డున నిలబడ్డ రెండూళ్ళ ఆడవాళ్ళకు, 1093కి ఫోన్ చేసినప్పటి నుంచి మా అమ్మకు కబురు చెబుతూ వచ్చిన మెరైన్ పోలీసులకు, మా పడవకు ఫ్యాను అప్పిచ్చిన మేస్త్రికి దండాలు.

మావయ్యా, నేను ఇప్పుడు మా పడవ లెక్క ఒడ్డునే కూర్చోబెట్టి చెబుతున్నాను. మొదటిసారి మా కళాసీలు మొహమాటపడ్డారు, రెండోసారి వాళ్ళే ఐసు ఖర్చు తగ్గించే దారి చెప్పారు. గంగమ్మ పండక్కి మీ కళాసీలందరితో మా ఇంటికి రావాలి. తాడు కట్టిన ఆ కుర్రాణ్ణి మరిచిపోకుండా తీసుకురండి, వాడికి మా అమ్మ కొత్త బట్టలు తీసి ఉంచింది.