మన్ననూర్ అడవిలో ఆగిన డీసీఎం (చిన్న లారీ) అన్నకు

రాత్రి రెండింటికి మహబూబ్‌నగర్‌లో ఇల్లు చేరాం. నడుము పట్టేసింది, నిద్ర తీరలేదు, అయినా ఇప్పుడే రాయకపోతే మనసు ఆగేట్టు లేదు.

శ్రీశైలం పోయొస్తున్నాం, ఐదుగురం, ఈమధ్యే కొన్న సెకండ్ హ్యాండ్ పెద్ద సెడాన్‌లో. పోయేటప్పుడు బండిని చూసుకుని మురిసిపోయాను, అబద్ధమెందుకు. జడ్చర్ల దాటాక 80లో పోతున్నా లోపల నిమ్మళంగా ఉంది, అమ్మ వెనక సీట్లో కాళ్లు చాపుకుని కల్వకుర్తి దాకా పడుకుంది, అందరి సామాన్లు పెట్టినా డిక్కీలో ఇంకా జాగా మిగిలింది. ఘాట్ మలుపుల్లో కూడా ఊగలేదు. బాధల్లా ఒక్కటే, బండి కిందికి ఉంటది, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దాని కడుపు గీసుకుంటుంటే నా ప్రాణం గిలగిలలాడింది.

తిరుగు దారిలో వటవర్లపల్లి దాటాక చీకట్లో గుంతలో పడ్డాం. అడవిలో మెల్లగా పొమ్మని బోర్డులున్నాయి, మెల్లగానే పోతున్నా, ఆ గుంతకు మాత్రం ఏ బోర్డూ లేదు. పెద్ద రిమ్ములకు సన్న టైర్లు షోకుగా ఉంటాయి గానీ, టైరు పక్క గోడ నిలువునా చీలింది. టైం ఏడున్నర. 9 దాటితే అడవిలో బండ్లు నడవనివ్వరు. ఒక గీత సిగ్నల్ కోసం పులుల అడవిలో ఫోన్ పైకెత్తుకుని నడిచా. దారిలో బండి ఆగితే సాయం పంపుతామని ఏటేటా డబ్బు కట్టించుకునే హెల్ప్‌లైన్ ఆమె "లొకేషన్ పంపండి సార్" అంది. నెట్ లేదమ్మా అంటే "లొకేషన్ లేకుండా కంప్లైంట్ తీసుకోలేం సార్" అంది. ఇదీ సర్వీసు.

మేమే టైరు మారుద్దామంటే నాలుగు బోల్టులు ఊడాయి, ఐదోది ఊడదు, దాని తలే వేరు, పానా పట్టదు. అప్పుడు ఖాళీ కూరగాయల ట్రేలతో ఒక డీసీఎం ఆగింది. "ఏమైందన్నా?" అని దిగి చూసి, "ఇది లాక్ బోల్టు, చక్రం ఎవరూ ఎత్తుకపోకుండా పెడతరు, దీన్ని ఊడదీసే ముక్క స్టెప్నీ కిందనే ఉంటది" అంటూ డిక్కీ అడుగున ఎక్కడో సంచిలోంచి వేలెడంత ముక్క తీశాడు. ఏడుస్తున్న మా పాపకు తన టార్చి ఇచ్చి "నువ్వు లైట్ పట్టకపోతే నాకు పని కాదు బిడ్డా" అన్నాడు. అది ఏడుపు ఆపి రెండు చేతులతో పట్టుకుంది.

అక్కడితో అయిపోలేదు. సన్న స్టెప్నీ, 80 దాటొద్దని దాని మీదే రాసుంటుంది, నేను 40లోనే పోతుంటే మన్ననూర్ చెక్‌పోస్ట్ దాకా మా వెనకే నెమ్మదిగా వచ్చాడు. అక్కడ మళ్లీ దిగి, నేను అడగకుండానే, "కొంచెం నడిచినాక లూజైతయి" అని ఐదు బోల్టులూ ఎదురెదురుగా బిగించాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినయి. డబ్బులిస్తే తీసుకోలేదు, లడ్డూ ప్రసాదం కళ్లకద్దుకుని షర్టు జేబులో పెట్టుకున్నాడు.

మా ఆవిడ, బామ్మర్ది ఎప్పటిలాగే పక్కనున్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, ఇంకొకరు, మన్ననూర్‌లో కొట్టు కట్టేసి కూడా అమ్మ మాత్రకు వేడినీళ్లు కాచిచ్చిన టీ అక్క. బస్సు స్లో చేసి "ఏమన్నా కావాలా" అని అడిగిన ఆర్టీసీ డ్రైవర్ సాబ్ కూడా.

డీసీఎం అన్న డిండి దగ్గర దేవరకొండ దిక్కు తిరిగాడు, పేరు అడగలేదు, నా బుద్ధి కాల. ఆ దిక్కు కూరగాయల బండ్లు నడిపేవాళ్లు ఎవరన్నా చదివితే ఆయనకు చెప్పండి, ఆయన టార్చి మా పాప దగ్గరే ఉండిపోయింది.