చిట్టి పుస్తకాలు దాచుకోవడానికి కాదు

సంపాదకుడు గారికి,

తొలి క్రైస్తవుల అరచేతి పుస్తకాలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. అయితే హింసకు జడిసి, దాచుకోవడానికే వాటిని అంత చిన్నగా చేశారన్న మాట నిలవదు. రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవానికి 313లోనే స్వేచ్ఛ వచ్చింది. ఇప్పటిదాకా దొరికిన చిట్టి పుస్తకాల్లో ఎక్కువ భాగం నాలుగు, ఐదు శతాబ్దాలవీ, ఆ తర్వాతివీ. పైగా నాలుగో శతాబ్దిలోనే క్రైస్తవ మతగురువు జాన్ క్రిసోస్తోమ్ తన ప్రసంగాల్లో మెడలో సువార్తలు వేలాడదీసుకునే స్త్రీల ప్రస్తావన చేశాడు. నలుగురికీ కనబడేలా వేసుకున్నదాన్ని దాచారని ఎలా అంటాం?

చిన్నదైతే ఖర్చు తగ్గుతుందన్నదీ అంతే. జర్మనీలోని కొలోన్‌లో ఉన్న మానీ గ్రంథాన్నే చూడండి (అది మూడో శతాబ్దిలో మానీ అనే ప్రవక్త స్థాపించిన మతం వారిది, వ్యాసంలో రాసినట్టు సువార్త కాదు). పేజీ ఎత్తు 4.5 సెం.మీ., వెడల్పు 3.5. రాత ఉన్న మేర ఇంచుమించు 3.5కి 2.5 సెం.మీ. అంటే ఖరీదైన తోలులో 45 శాతం దాకా అంచులకే పోయింది. మిగిలిన చోట 23 వరసలు, వరసకు ఒకటిన్నర మిల్లీమీటరు. ఇది పొదుపు చేసేవాడి పని కాదు, చెయ్యి తిరిగిన లేఖకుడి పని.

క్రిస్మస్‌కు నగరంలో సండే స్కూలు పిల్లలచేత ఇలాంటివి చేయించేవారికి ఒక మాట. ఏ4 కాగితం మడిచి పిన్ను కొడితే అది కరపత్రమే. 7 సెం.మీ. వెడల్పు, 4.5 ఎత్తు ముక్కలు కోసి, నాలుగేసి కలిపి మడిస్తే 16 పేజీల ఫారం వస్తుంది. ఆరు ఫారాలు చాలు. కాగితాన్ని రెండు దిక్కులా వంచి చూసి, సులువుగా వంగే వైపే మడత పెట్టాలి. రెండో దిక్కున మడిస్తే పెద్ద పుస్తకంలో ఆ తప్పు అంతగా తెలియదు. ఇంత చిన్న పేజీకి తన బరువుతో వాలే శక్తి లేదు, పుస్తకం నోరు తెరుచుకునే ఉంటుంది. లోపలి ముక్కలు అర మిల్లీమీటరు దాకా ముందుకు పొడుచుకొస్తాయి. అందుకే బయటి అంచున అర సెంటీమీటరు వదలకుండా రాస్తే, అంచు కోసినప్పుడు అక్షరాలు తెగుతాయి.

మడత గీత మీదే సన్నని సూదితో మూడు రంధ్రాలు చాలు. దబ్బనం వద్దు. తేనెమైనం రాసిన సన్నని నార దారం వాడాలి. లావు దారమైతే ఆరు ఫారాలకే వెన్ను ఉబ్బుతుంది. మూడో ఫారం మొదలుకొని, నడిమి రంధ్రంలోంచి సూది బయటికి రాగానే కింది రెండు ఫారాల నడుమ కుట్టు వెనకగా దూర్చి, వచ్చిన రంధ్రంలోకే మళ్లీ పంపాలి. ఈజిప్టు గొలుసుకుట్టు కీలకం ఇదే. దారాన్ని వెన్ను వెంబడే లాగాలి, పైకి లాగితే కాగితం చిరుగుతుంది.

అసలు తోలు పత్రం మీదే చేస్తామనే ఉత్సాహవంతులు మన ఏప్రిల్, మే నెలలు మానుకోవడం మేలు. సున్నంలో నానబెట్టి, గీకి, చట్రానికి బిగించి ఆరబెట్టిన ఆ చర్మం చెప్పులకు వాడేలా ఊనిన (పదును చేసిన) తోలు కాదు. పొడిగాలికి చుట్టుకుంటుంది, వానాకాలం తేమకు ఉబ్బుతుంది. వెంట్రుకల వైపు కాస్త పచ్చగా, మాంసం వైపు తెల్లగా ఉంటుంది కనుక ఎదురెదురు పేజీలు ఒకే వైపువి వచ్చేలా పేర్చాలి. కాగితమైనా తోలైనా వెన్నుకు మాత్రం తెల్ల జిగురు దట్టంగా పూయొద్దు. ఆరాక బిర్రబిగుస్తుంది, బలవంతంగా తెరిస్తే మడత దగ్గరే విరుగుతుంది.

— బైండింగ్ పని నేర్పే కొందరు, హైదరాబాద్