మోటార్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయో ఉన్నదున్నట్టు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఎక్కువ వేడిలో పనిచేసే మోటార్లకు ఆర్డర్ ఇచ్చిన వాళ్లలో కొందరికి సరుకు ఇంకా అందలేదు. షిప్పింగ్ సమస్య అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఓడలు బాగానే తిరుగుతున్నాయి. ఆగిపోయింది మాగ్నెట్లకు చైనా నుంచి రావాల్సిన అనుమతి. అది ఎందుకు ఆగిందో తెలిస్తే మీ ప్లానింగ్ మీరు చేసుకోగలరని వివరంగా రాస్తున్నాను.

ఈ మోటార్లలో ఉండేవి నియోడిమియం మాగ్నెట్లు. వాటిలో మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం తగ్గడం మొదలవుతుంది. వేడికి ఓర్చుకోవాలంటే రేర్ ఎర్త్ అనే లోహాల జాతికి చెందిన డిస్‌ప్రోసియమో టెర్బియమో కలపాలి. కలిపేది కొద్దిగానే, కానీ ఆ కొద్దిదీ లేకపోతే ఈ మోటార్ చేయలేం. 2025 ఏప్రిల్ 2న అమెరికా దాదాపు అన్ని దేశాల మీదా కొత్త సుంకాలు ప్రకటించింది. రెండు రోజుల్లోనే, ఏప్రిల్ 4న, చైనా ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాలకూ, వాటితో చేసిన మాగ్నెట్లకూ ఎగుమతి లైసెన్స్ తప్పనిసరి చేసింది. మనకు కావాల్సిన రెండూ ఆ ఏడింటిలో ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో చైనా ఆంక్షలు ఇంకా పెంచుతున్నామని ప్రకటించి, నవంబర్‌లో వాటిని ఏడాది పాటు పక్కన పెట్టారు. ఏప్రిల్ నాటివి మాత్రం అలాగే ఉన్నాయి.

లైసెన్స్ అంటే మా సప్లయర్ ఒక సంతకం పెట్టించుకుని వచ్చేది కాదు. సరుకు చివరికి ఎవరి చేతికి వెళ్తుంది, ఏ వస్తువులో బిగిస్తారు, సైనిక అవసరాలకు వాడబోమని హామీ ఉందా, ఇవన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలి. మీరు మా మోటార్‌ను మీ పంపులో బిగించి ఇంకొకరికి అమ్మితే, ఆ ఇంకొకరి సంగతీ అడగవచ్చు. అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నా, పరిశీలనకు అక్కడి చట్టం 45 పనిదినాల వరకు గడువిస్తుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫైల్ వెనక్కి వస్తుంది. అందుకే మా ఆఫీసు నుంచి మీకు అన్నేసి ప్రశ్నలు వస్తున్నాయి. విసుగొస్తుందని తెలుసు. దయచేసి జవాబులివ్వండి.

ఇది ఒక్క మాగ్నెట్ల గొడవ కాదు. ఒకప్పుడు ప్రపంచ వాణిజ్య నిబంధనలు చాలావరకు అమెరికా, యూరప్, జపాన్, కెనడా మాట్లాడుకున్నాక మిగతావాళ్ల ముందుకు వచ్చేవి. 2003లో మెక్సికోలోని కాన్‌కున్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో బ్రెజిల్, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా లాంటి దేశాలు ఒక జట్టుగా నిలబడి, ధనిక దేశాల వ్యవసాయ సబ్సిడీల సంగతి తేల్చమన్నాయి. ఆ సమావేశం ఒప్పందం లేకుండానే ముగిసింది. 2008 జులైలో జెనీవాలో అవే చర్చలు మళ్లీ సాగినప్పుడు అసలు బేరం జరిగింది ఏడు పక్షాల మధ్య. వాటిలో ఇండియా, బ్రెజిల్, చైనా ఉన్నాయి. దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే రైతులను కాపాడుకోవడానికి సుంకం ఎంత పెంచుకోవచ్చన్న దగ్గర మాట కుదరక అదీ చెడింది. అప్పటినుంచి ఈ దేశాలను పక్కనపెట్టి ఎవరూ ఏదీ తేల్చలేకపోతున్నారు.

ఇది తప్పని నేను అనను. నా సరుకు ఆలస్యమైనా అనను. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది. గెలిచింది. 2014లో 30 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది. ఎంత పెద్ద దేశమైనా నిబంధనకు లోబడాల్సిందేనని ఆ కేసు చూపించింది. నాలాంటి చిన్న వ్యాపారికి కావాల్సింది కూడా అదే.

ఇప్పుడు లేనిదీ అదే. ఇండొనేషియా 2020లో నికెల్ ఖనిజం ఎగుమతి ఆపేసింది. మట్టి అమ్ముకోవడం కాదు, కరిగించే ఫ్యాక్టరీలు మా దగ్గరే పెట్టండి అన్నది దాని వాదన. ఆ వాదనలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. యూరప్ అదే సంస్థలో కేసు వేసి 2022లో గెలిచింది. ఇండొనేషియా అప్పీల్‌కు వెళ్లింది. అక్కడ వినేవాళ్లే లేరు! కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబర్ నుంచి అప్పీల్ బెంచ్ పనిచేయడం లేదు. అంటే ఓడినవాళ్లు అప్పీల్ చేస్తే చాలు, తీర్పు అక్కడే ఆగిపోతుంది. మన మోటార్ షాఫ్టుల్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీల్‌లో నికెల్ ఉంటుంది కాబట్టి ఇది కూడా మనకు తగిలేదే. పెద్ద కంపెనీలు నెలలకు సరిపడా స్టాక్ కొని పెట్టుకుంటాయి. మా స్థాయిలో అంత డబ్బు గోడౌన్‌లో పెట్టి కూర్చోలేం.

అందరూ ఒప్పుకున్నప్పుడు మేలు మాదాకా వస్తుంది. ఆ మాట కూడా చెప్పాలి. 2013లో బాలీలో కుదిరిన వాణిజ్య సౌలభ్య ఒప్పందాన్ని ఇండియా మరుసటి ఏడాది, ప్రభుత్వం రైతుల దగ్గర కొని దాచే ఆహార నిల్వల విషయం తేలేదాకా ఆపింది. అది తేలాక, 2017 ఫిబ్రవరిలో ఒప్పందం అమల్లోకి వచ్చింది. కస్టమ్స్ నిబంధనలు అందరికీ కనిపించేలా పెట్టాలి, సరుకు దిగకముందే కాగితాలు తీసుకోవాలి అని అందులో ఉంది. లైసెన్స్ వచ్చాక మా పెట్టెలు పోర్టులో పెద్దగా ఆగకపోవడానికి ఇలాంటి ఏర్పాట్లే కారణం.

ఇక మేం చేస్తున్నది. స్థలం ఉన్న మెషిన్లకు ఫెర్రైట్ (ఐరన్ ఆక్సైడ్‌తో చేసే) మాగ్నెట్ల మోటార్ ఇస్తున్నాం. అందులో రేర్ ఎర్త్ ఉండదు, వేడిని బాగా తట్టుకుంటుంది. బలం తక్కువ కాబట్టి అదే పనికి మోటార్ సైజు, బరువు పెరుగుతాయి. మీ డ్రాయింగ్‌లో కొలతలు సరిపోతాయో లేదో చూశాకే ఒప్పుకోండి, సరిపోకపోతే మేం బలవంతం చేయం. వేడి 80 డిగ్రీల లోపే ఉంటుందని మీరు ఖాయంగా చెప్పగలిగితే లైసెన్స్ అక్కర్లేని మామూలు నియోడిమియం రకం ఇవ్వగలం. కాబట్టి కొత్త ఆర్డర్‌తో పాటు మోటార్ ఎంత వేడిలో తిరుగుతుందో కొలిచి పంపండి, అంచనా వేసి రాయొద్దు. హై టెంపరేచర్ మోడళ్ల కొటేషన్‌లో ఇకపై డెలివరీ తేదీ ఉండదు. లైసెన్స్ చేతికి వచ్చిన రోజే తేదీ చెబుతాం, అడ్వాన్స్ కూడా అప్పుడే తీసుకుంటాం. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఆగలేనివాళ్లు ఒక్క మెసేజ్ పెట్టండి, మొత్తం వాపసు ఇస్తాం.