"అది మందు రంగేలేమ్మా" అన్నారు: ఆరోగ్య మంత్రి గారికి కర్నూలు నుంచి ఒక లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను కర్నూలు పాతబస్తీలో జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని. మా ఆయన ఆటో నడుపుతాడు. నాకు 42 ఏళ్లు. నాలుగేళ్లుగా వాస్కులైటిస్‌తో బతుకుతున్నాను. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే తిరగబడి రక్తనాళాల మీద పడే జబ్బు ఇది. నాళాల గోడలు వాచిపోతాయి. రక్తం సరిగా అందని చోటల్లా దెబ్బే. ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీలు, నరాలు, కళ్లు, దేన్నీ వదలదు. ఇందులో చాలా రకాలున్నాయి. నాకున్న రకాన్ని జీపీఏ అంటారు.

మొదట ముక్కులో రక్తం పక్కులు కట్టేది. సైనస్ అన్నారు. తర్వాత దగ్గు, తెమడలో ఎర్రటి చారలు. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు. తెమడ పరీక్షలో టీబీ క్రిమి కనబడలేదు. అయినా ఎక్స్‌రేలో మచ్చలున్నాయని మందులు మొదలుపెట్టారు. అందుకు వాళ్లను పూర్తిగా తప్పుపట్టను. మన దగ్గర టీబీ ఎక్కువ, ఈ జబ్బు కూడా ఎక్స్‌రేలో అచ్చం అలాగే కనిపిస్తుంది.

కానీ ఆ తర్వాత జరిగింది మీరు వినాలి. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంటుంది. అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. భయపడొద్దని మొదటి రోజే చెప్పారు. రెండు వారాలకు నా మూత్రం టీ డికాషన్ రంగుకు తిరిగింది, పైన నురగ. వెళ్లి అడిగాను. "అది మందు రంగేలేమ్మా" అన్నారు. ఇంకో రెండుసార్లు అడిగినా అదే మాట. నేనూ నమ్మాను. అది మందు రంగు కాదు సార్, నా కిడ్నీల్లోంచి కారుతున్న రక్తం. మూత్రంలో ముంచి చూసే పట్టీ ఒక్కటి వాడి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. నెలన్నర తర్వాత కాళ్లు వాచి, అన్నం సయించక పడిపోతే అప్పుడు రక్తపరీక్ష చేశారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క క్రియాటినిన్, అది పెరిగితే చెడు. నాకు 4.6.

ఈలోగా నరాలూ దెబ్బతిన్నాయి. ఒకరోజు మధ్యాహ్నం కొండారెడ్డి బురుజు దగ్గర రోడ్డు దాటుతుంటే, వెనక నుంచి పండ్ల బండి అబ్బాయి "అక్కా, నీ చెప్పు ఇక్కడే పడిపోయింది" అని కేకేశాడు. వంగి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. మే నెల ఎండ, తారు రోడ్డు. పాదం కాలుతున్నట్టు కూడా నాకు తెలియలేదు. అరికాలు బొబ్బలెక్కిందని ఇంటికి పోయాక మా అమ్మ చూసి చెప్పింది.

జబ్బుకు పేరు దొరికింది హైదరాబాద్‌లో. రాత్రి బస్సులో పోయి, తెల్లారి ఓపీ లైన్లో నిలబడితే, రుమటాలజీ (కీళ్ల జబ్బులు, ఇలా రోగనిరోధక శక్తి తిరగబడే జబ్బులు చూసే విభాగం) డాక్టరమ్మ నా ముక్కు చూసి, మూత్రం రిపోర్టు చూసి, పాదం పైకెత్తమని చెప్పి, మూడూ కలిపి ఒకే జబ్బని అక్కడికక్కడే అనుమానించారు. ఆంకా అనే రక్తపరీక్ష, కిడ్నీ బయాప్సీ అదే ఖాయం చేశాయి. మూడు రోజులు స్టెరాయిడ్ సెలైన్లు, తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే రిటుక్సిమాబ్ అనే మందు. క్రియాటినిన్ 1.9కి దిగింది. డయాలసిస్ తప్పింది. పోయిన కిడ్నీ భాగం మాత్రం తిరిగి రాదు. ఈ రకం జబ్బు కిడ్నీలను వారాల్లోనే తినేస్తుంది. నాకు ఆరు వారాలు మందు రంగు కిందే పోయాయి.

ఆ ఖర్చుకు ఆటో మీద ఫైనాన్స్ తీసుకున్నాం, ఇంకా కడుతూనే ఉన్నాం. ఎడమ కాలితో కుట్టుమిషన్ తొక్కలేక మోటార్ పెట్టించుకున్నాను. స్టెరాయిడ్ వల్ల షుగర్ వచ్చింది. రోగనిరోధక శక్తిని అణిచే మందులు కాబట్టి చిన్న జ్వరమొచ్చినా టెన్షనే. పొద్దున లేవగానే మూత్రం రంగు చూసుకోవడం అలవాటైపోయింది. ఈ జబ్బు అణిగినా మళ్లీ తిరగబెట్టొచ్చు, అందుకే ఆరు నెలలకోసారి డోసు, మధ్యలో పరీక్షలు. ప్రతిసారీ రానూ పోనూ 400 కిలోమీటర్ల పైనే.

ఆ ఓపీ లైన్లోనే అనంతపురం వైపు నుంచి వచ్చిన 23 ఏళ్ల అమ్మాయి పరిచయమైంది. ఎడమ చేతికి బీపీ అందేది కాదట. యంత్రం పాడైందనుకుని రెండుసార్లు మార్చారట. తీరా చూస్తే ఆ చేతిలో నాడే లేదు. అది తకయాసు ఆర్టరైటిస్, వాస్కులైటిస్‌లో మరో రకం. తకయాసు అనే జపాన్ కంటి డాక్టర్ 1908లోనే దీన్ని గమనించారు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకే వస్తుంది. మన ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి బీపీ చూస్తున్నారు కదా సార్, తల తిరుగుతోందనో చెయ్యి లాగుతోందనో చెప్పే ఆడపిల్లలకు రెండు చేతులకూ చూడమని ఒక్క ఆదేశం ఇవ్వండి.

అలాగే తెమడలో క్రిమి దొరకకుండా టీబీ మందులు మొదలుపెట్టిన ప్రతి మనిషికీ మూత్రపరీక్ష, క్రియాటినిన్ తప్పనిసరి చేయండి. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు వారాలకు మరోసారి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. నేను మిమ్మల్ని ఒక్కటే అడగాలంటే ఇదే అడుగుతాను.

మిగతావి కొంచెం పెద్ద పనులు. కర్నూలు మెడికల్ కాలేజీ 1950ల్లోనే పెట్టింది. సీమ జిల్లాల నుంచే కాదు, రాయచూరు, గద్వాల వైపు నుంచి కూడా మా పెద్దాసుపత్రికే వస్తారు. అక్కడ వారంలో ఒక రోజైనా రుమటాలజీ, కిడ్నీ, ఊపిరితిత్తులు, ముక్కు-చెవి-గొంతు డాక్టర్లు ఒకే చోట కూర్చునే ఓపీ కావాలి. నాలాంటివాళ్లు నాలుగు గదులు తిరిగితే నాలుగు జబ్బుల పేర్లు వస్తాయి. నలుగురూ కలిసి చూస్తే అది ఒకే జబ్బని తేలుతుంది. రుమటాలజీ స్పెషలిస్టు కావాలంటే ఎండీ తర్వాత ఇంకో మూడేళ్లు చదవాలి, రాత్రికి రాత్రి దొరకరని నాకూ తెలుసు. వాళ్లు వచ్చేదాకా వీడియోలో పెద్ద సెంటర్ డాక్టర్లు మన డాక్టర్లతో మాట్లాడే ఏర్పాటైనా చేయండి. ఆంకా పరీక్ష రిపోర్టు కర్నూలులోనే రెండు రోజుల్లో వచ్చేలా చూడండి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఈ జబ్బుకు మొదటి వైద్యంతో పాటు ఆరు నెలల డోసులు, మధ్యలో పరీక్షలు కూడా అడ్మిషన్‌తో పని లేకుండా సొంత జిల్లాలోనే పూర్తిగా అందాలి. డోసు దాటిపోయి జబ్బు తిరగబెడితే ఆ మనిషి వచ్చేది డయాలసిస్‌కే. అప్పుడు ప్రభుత్వానికయ్యే ఖర్చు మీ అధికారులే లెక్కేసి చూడొచ్చు.

నా ఎక్స్‌రేలు, మొదటి మూత్రం రిపోర్టు, బయాప్సీ కాగితాలు అన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో తేదీల ప్రకారం పెట్టుకున్నాను. మెడికల్ కాలేజీ పిల్లలకు పాఠం చెప్పడానికి పనికొస్తాయంటే తెచ్చి ఇస్తాను. నన్ను రమ్మన్నా వస్తాను. నా ఎడమ పాదం చూపించి, ఎప్పుడు ఏం జరిగిందో వరుసగా చెప్తాను.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక వాస్కులైటిస్ రోగి