మా షాపు ముందు బండి ఆపేవాళ్లకి ఒక మాట

కళ్లద్దాల కోసం మా దగ్గరికి వచ్చే అందరికీ నమస్కారం.

వారం రోజులుగా మా షాపు ముందు ఫుట్‌పాత్ మీద బండి పెట్టనివ్వడం లేదు. బైకైనా, కారైనా, "రెండే నిమిషాలు" అన్నా సరే. దీనికి కొందరు నొచ్చుకున్నారు. ఒకాయనైతే ఆర్డరే వద్దనుకుని వెళ్లిపోయారు. అందుకే అసలు సంగతి రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఇన్నేళ్లూ "పైకి ఎక్కించేయండి సార్, ఏం కాదు" అన్నది నేనే. బేరం పోతుందని భయం. పార్కింగ్ కోసం ఒక రౌండు కొట్టిన మనిషి రెండో రౌండు కొట్టడు, ఇంకో షాపు చూసుకుంటాడు. నా స్కూటర్ కూడా మెట్ల పక్కన ఫుట్‌పాత్ మీదే ఉండేది. దాని పక్కన మా బోర్డు స్టాండు.

పదిహేను రోజుల కిందట ఒక పెద్దావిడ వచ్చారు. శుక్లం ఆపరేషన్ తర్వాత కొత్త అద్దాలు చేయించుకోవాలి. తలుపు తీసుకుని వచ్చిన మనిషి కౌంటర్ దాకా రాకుండానే కుర్చీలో కూలబడ్డారు. చేతులు వణుకుతున్నాయి. ఫుట్‌పాత్‌కి అడ్డంగా కారు ఉంటే రోడ్డు మీదికి దిగి చుట్టి వచ్చారట. "బస్సు కనబడలేదయ్యా, హారనే వినబడింది" అన్నారు. ఆ కారాయన అప్పుడు మా అద్దం ముందు నిలబడి ఫ్రేములు పెట్టి చూసుకుంటున్నారు. కారు అక్కడ పెట్టమన్నది నేనే.

ఆ రాత్రి షట్టర్ దించాక ఫుట్‌పాత్‌ని మొదటిసారి సరిగ్గా చూశాను. మధ్యలో పసుపు పలకలు ఉంటాయి కదా. పొడుగు గీతలున్నవి "ఇటు నడవండి" అని, గుండ్రటి బొడిపెలున్నవి "ఆగి చూసుకోండి" అని. చూపు లేనివాళ్లకి కాలి కిందా, కర్ర చివరా తగిలి దారి చెబుతాయి. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన చూపు తగ్గిపోతున్న స్నేహితుడి కోసం 1965లో వీటిని తయారుచేశారు, 1967లో ఒకాయామాలో మొదటిసారి పరిచారు. కళ్లద్దాలు అమ్ముకుని బతికే నేను ఇన్నాళ్లూ వాటి మీదే స్కూటర్ స్టాండు వేశాను! రెండు పలకలు పగిలాయి, ఒకదాని అంచు వేలెడు పైకి లేచింది. అవి మనుషుల బరువుకి పరిచినవి. టన్ను పైన ఉండే కారు రోజూ ఎక్కి దిగుతుంటే కింద ఇసుక కుంగిపోక ఏమవుతుంది? వాన పడిన రోజు ఆ పలక తొక్కితే బురదనీళ్లు మోకాలి దాకా చిమ్ముతాయి.

అలాగని తప్పంతా నాదీ మీదే అంటే ఒప్పుకోను. ట్రాఫిక్ వాళ్లు పొద్దున పదకొండింటికి వచ్చి ఫొటోలు తీసుకుని పోతారు. అసలు రద్దీ సాయంత్రం ఆరు తర్వాత. అప్పుడు ఒక్కరూ కనబడరు. అద్దాలు తీసుకుని మూడు నిమిషాల్లో వెళ్లిపోయిన కుర్రాడికి చలానా పడింది. మా వరసలోనే నెలల తరబడి కదలని, టైర్లలో గాలి కూడా లేని వ్యానుకి మాత్రం ఏమీ లేదు. ఫోన్ చేసి అడిగితే ట్రాఫిక్ వాళ్లు "ఫుట్‌పాత్ మున్సిపాలిటీది" అన్నారు. మున్సిపాలిటీ వాళ్లు "బండ్ల సంగతి ట్రాఫిక్ వాళ్లది" అన్నారు. నో పార్కింగ్ బోర్డు చెట్టుకొమ్మల చాటున ఉంది. ఆ కొమ్మ ఎవరిదో అడిగే ఓపిక లేక ఊరుకున్నాను.

జరిమానా పెంచితే అందరూ దారికొస్తారని కొందరంటారు. నాకు నమ్మకం లేదు. ఎప్పుడో లాటరీలా తగిలే పెద్ద జరిమానాకి ఎవరూ భయపడరు, తప్పకుండా పడుతుందని తెలిస్తే చిన్నదానికైనా భయపడతారు. స్కాట్లాండ్‌లో ఫుట్‌పాత్ పార్కింగ్‌ని నిషేధిస్తూ 2019లో చట్టం చేశారు. అక్కడి స్థానిక సంస్థలకి జరిమానా వేసే అధికారం వచ్చేసరికి 2023 డిసెంబరు అయింది. కాగితం మీది రూలు రోడ్డు మీదికి రావడానికి అక్కడే అంత కాలం పడితే, మా వీధి కోసం ఎదురుచూస్తూ కూర్చోలేను.

కాబట్టి నా చేతిలో ఉన్నది చేశాను. స్కూటర్ వెనక సందులోకి మారింది. బోర్డు గోడకెక్కింది. సరుకు ఆటో షాపు తెరవకముందే వచ్చి పోతుంది. మీరు స్క్రూ బిగించుకోవడానికో, ముక్కు దగ్గర ప్యాడ్ మార్చుకోవడానికో వస్తే, దగ్గరికి రాగానే ఒక ఫోన్ చేయండి. కార్లు ఆపుకునే చోటికి మా అబ్బాయే వచ్చి తీసుకెళ్లి, బాగుచేసి తెచ్చిస్తాడు. కంటి పరీక్షకైతే కాస్త టైమ్ చేతిలో పెట్టుకుని రండి. ఇంకోటి, ఇదివరకు ఇద్దరు ముగ్గురి చలానాలు మొహమాటానికి నేనే కట్టాను. ఇకమీదట కట్టను.

శనివారం సాయంత్రం బేరాలు తగ్గాయి. టెన్షన్ లేదంటే అబద్ధం.

ఆ పెద్దావిడ అద్దాలు తయారయ్యాయి, గురువారం వస్తానన్నారు. ఆ టైమ్‌కి నేను గుమ్మం బయటే నిలబడి ఉంటాను. ఎవరైనా బండి పైకి ఎక్కించబోతే నా గొంతు కాస్త గట్టిగా వినబడుతుంది, ఏమనుకోకండి.