2042 దాకా ఆగితే బంకర్లు మిగలవు

అయ్యా,

సెలవులకు విజయనగరం, శ్రీకాకుళం నుంచి విశాఖ తీరానికి వెళ్లేవారిలో చాలామంది ఇసుకలో సగం కూరుకుపోయిన కాంక్రీటు గదిని చూసి పాత పంపు గది అనుకుని దాటిపోతున్నారు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలపు పిల్‌బాక్సు, మనవాళ్ల మాటలో బంకరు. 1942 మార్చి 23న అండమాన్ జపాన్ వశమైంది. రెండు వారాలకే, ఏప్రిల్ 6న, విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. శత్రువు ఒడ్డున దిగుతాడన్న ఆనాటి భయానికి ఈ గదులే సాక్ష్యం.

పంపు గదికి కిటికీ ఉంటుంది, బంకరుకు తుపాకీ కంత ఉంటుంది. అడ్డంగా పొడవు, ఎత్తు మాత్రం కొద్దిగా. గోడ మందం ఆ కంత అంచు దగ్గరే టేపు పెట్టి కొలవవచ్చు. తుపాకీ గుండును ఆపడానికి అడుగుకు పైగా, ఫిరంగి గుండుకైతే మూడున్నర అడుగులు అన్నది బ్రిటన్‌లో ఆనాటి లెక్క. గోడ మీద చెయ్యి పెట్టి నిమిరితే సెంట్రింగ్ చెక్కల ఈనెలు, పలకకూ పలకకూ మధ్య సన్నని గట్టు వేళ్లకు తగులుతాయి. ఇవే ఆ కట్టడానికి పుట్టుమచ్చలు.

బాగుచేద్దామనే మంచి మనసుతో వాటి మీద సిమెంటు పూసి రంగులు వేయడం పెద్ద పొరపాటు. ఉప్పుగాలి దశాబ్దాలుగా కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పైన పూత వేస్తే తుప్పు ఆగదు, పగులు మాత్రం కంటికి కనిపించకుండా పోతుంది. కొన్నాళ్లకు ఆ పూత పెచ్చులుగా ఊడి, పాత కాంక్రీటు పైపొరను కూడా పట్టుకుపోతుంది. అంతకంటే ముందు చేయాల్సింది పునాది కింద ఇసుక కోసుకుపోకుండా రాళ్లు పేర్చడం.

చూడటానికి ఆటు సమయంలో వెళ్లాలి. అది రోజురోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ దూరం తగ్గుతుంది, పోటు కూడా అంతే ఎత్తున వస్తుంది కాబట్టి గడియారం చూసుకోవాలి. లోపలికి అడుగు పెట్టే ముందు కర్రతో నేల తట్టి, టార్చి వేసి మూలలు చూడాలి. చల్లని చీకటి పాములకు ఇష్టం. కప్పు నుంచి ఇనుప చువ్వలు వేలాడుతుంటే బయటి నుంచే చూడటం మేలు. నేవీ హద్దుల దగ్గర ఫొటోలు తీయకూడదు.

విజయనగరం జిల్లా తీరంలోని చింతపల్లి నుంచి శ్రీకాకుళం జిల్లా బారువ దాకా మన సరుగుడు తోటల్లో, దిబ్బల్లో ఇలాంటి గది కనిపిస్తే తోట యజమానిని అడిగి నాలుగు వైపులా ఫొటోలు తీయండి, పక్కన మీటరు కర్ర నిలబెట్టి మరీ. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు, ఇసుక మట్టం నుంచి కంత అడుగు అంచు ఎత్తు, గోడ ఎటు ఒరిగిందో దారానికి కట్టిన తూకం గుండు వదిలి చూసిన కొలత రాసుకోండి. ఏడాది తర్వాత మళ్లీ అవే కొలిస్తే ఎంత ఇసుక పోయిందో తెలిసిపోతుంది. బ్రిటన్‌లో 1995 నుంచి 2002 దాకా సుమారు 20 వేల యుద్ధకాలపు స్థలాల వివరాలు నమోదయ్యాయంటే అది ఎక్కువగా ఇలాంటి వలంటీర్ల పనే.

1958 నాటి పురావస్తు చట్టం కిందకు రావాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్లు నిండాలి. 1942 నాటి బంకరుకు ఆ వయసు 2042లో గానీ రాదు. సముద్రం అంతవరకు ఆగదు. అందుకని రెండు జిల్లాల యంత్రాంగాలు ఈ ఏడాదే తీర మండలాల వీఆర్వోల చేత, మత్స్యకార పెద్దలను వెంటబెట్టుకుని, సర్వే నంబర్లతో సహా ఒక జాబితా రాయించాలని కోరుతున్నాం.

— కొందరు పాఠకులు, విజయనగరం